వైడ్‌బ్యాండ్ సర్క్యులర్ పోలరైజ్డ్ యాంటెన్నా: ఆ 90 డిగ్రీలను ఎవరు నిలబెడుతున్నారు?

(ఈసీఈ విద్యార్థులకు, అధ్యాపకులకు చేసిన ప్రసంగం. రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకి బోర్డు కనబడుతోందా? కనబడకపోతే ముందుకి వచ్చేయండి, ఖాళీలున్నాయి. ఇవాళ అంకెలు చాలా రాస్తాను, అవి కనబడకపోతే నేను చెప్పేది సగం అర్థం కాదు.

ఇవాళ్టి టాపిక్ వైడ్‌బ్యాండ్ సర్క్యులర్ పోలరైజ్డ్ యాంటెన్నా, అంటే విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరుగుతూ సాగే తరంగాన్ని విశాలమైన ఫ్రీక్వెన్సీ పరిధిలో ఇచ్చే యాంటెన్నా. దీని మీద ఏ ప్రాజెక్టు రిపోర్టు తెరిచినా ముందు కనబడేది ఏంటి? ఎస్11 గ్రాఫు, అంటే యాంటెన్నాకి పంపిన సిగ్నల్లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపేది. −10 డీబీ గీత కింద విశాలంగా ఉంటుంది, 40 శాతం బ్యాండ్‌విడ్త్ అని రాసి ఉంటుంది. పేజీ తిప్పితే యాక్సియల్ రేషియో గ్రాఫు, అంటే ఆ తిరగడం ఎంత గుండ్రంగా ఉందో చెప్పేది; 0 డీబీ అయితే పక్కా గుండ్రం. అది మధ్యలో ఒక్కచోట కిందికి దిగి, మళ్లీ పైకి లేచిపోతుంది. అయినా శీర్షికలో మాత్రం వైడ్‌బ్యాండ్ సర్క్యులర్ పోలరైజ్డ్ అనే ఉంటుంది. అలా అనొచ్చా? అనకూడదు. ఎస్11 బ్యాండూ, యాక్సియల్ రేషియో బ్యాండూ, గెయిన్ బ్యాండూ ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో అదే మీ యాంటెన్నా బ్యాండ్. మూడింట్లో ముందు తెగేది చాలాసార్లు యాక్సియల్ రేషియోనే. ఎందుకు తెగుతుంది? ఇవాళ మాట్లాడుకునేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

గాల్లో మాట్లాడుకోకుండా ఒక స్పెసిఫికేషన్ పెట్టుకుందాం. శాటిలైట్ నావిగేషన్ రిసీవర్‌కి యాంటెన్నా. జీపీఎస్ ఎల్1 1575.42 మెగాహెర్ట్జ్, ఎల్2 1227.60, ఎల్5 1176.45. మన నావిక్ కూడా ఎల్5లో అదే 1176.45 మీద ఉంది. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01తో నావిక్ సిగ్నల్ ఎల్1లోకీ వచ్చింది. గెలీలియో ఈ6 1278.75, బైదూ బీ1 1561.098, గ్లోనాస్ ఎల్1 1602 చుట్టూ. అన్నీ కలిపితే 1164 నుంచి 1610 దాకా. మధ్య ఫ్రీక్వెన్సీ 1387. అంటే 32 శాతం బ్యాండ్. మధ్య నుంచి అటూ ఇటూ 16 శాతం చొప్పున. ఈ 16 గుర్తుపెట్టుకోండి, పదే పదే వస్తుంది. నావిక్‌కి 2492 దగ్గర ఎస్ బ్యాండ్ కూడా ఉంది కానీ దాన్ని ఇవాళ్టికి వదిలేద్దాం.

ఎవరో అడగబోతున్నారు, ముఖంలో తెలుస్తోంది. 1300 నుంచి 1559 దాకా మనకి అక్కర్లేదు కదా, రెండు ప్యాచ్‌లు, అంటే చదునైన లోహపు రేకు యాంటెన్నాలు, ఒకదాని మీద ఒకటి పెట్టి రెండు ఇరుకు బ్యాండ్లు తెచ్చుకుంటే చాలదా అని. చాలు. మార్కెట్లో చాలావరకు అలాంటివే ఉంటాయి. కానీ వాటిలో పై ప్లాస్టిక్ మూత మారినా, సబ్‌స్ట్రేట్ బ్యాచ్ మారినా బ్యాండ్ పక్కకి జరుగుతుంది, మళ్లీ ట్యూన్ చేసుకోవాలి. వైడ్‌బ్యాండ్ పెడితే ఆ బెడద తగ్గుతుంది. దాని ఖరీదు కూడా చెప్పాలి: మధ్యలో వచ్చే అక్కర్లేని సిగ్నళ్లన్నీ ఎల్ఎన్ఏలోకి, అంటే రిసీవర్ మొదటి యాంప్లిఫయర్‌లోకి వస్తాయి, కాబట్టి ముందు ఫిల్టర్ పెట్టక తప్పదు.

ఇక సర్క్యులర్ ఎందుకంటే, రెండే మాటల్లో. అయనావరణం గుండా వచ్చేటప్పుడు లీనియర్ పోలరైజేషన్ తలం తిరిగిపోతుంది, అదే ఫారడే రొటేషన్. పైగా రిసీవర్ ఎటు తిరిగి ఉంటుందో శాటిలైట్‌కి తెలీదు. అందుకే రైట్ హ్యాండ్ సర్క్యులర్ పంపుతారు. లీనియర్ యాంటెన్నాతో తీసుకుంటే 3 డీబీ పోతుంది, అంతే. ఇదంతా మీకు తెలిసిందే, ముందుకి వెళ్దాం.

6.6 డిగ్రీలకు ఒక డీబీ

సర్క్యులర్ పోలరైజేషన్ రావాలంటే ఏం కావాలి? ఒకదానికొకటి లంబంగా రెండు ఫీల్డులు, సమానమైన యాంప్లిట్యూడ్, మధ్యలో 90 డిగ్రీల ఫేజ్. ఇది మూడో సంవత్సరం పుస్తకంలోనే ఉంది. పుస్తకంలో గట్టిగా చెప్పనిది ఇంకోటుంది: తప్పు ఎంత జరిగితే యాక్సియల్ రేషియో ఎంత చెడుతుంది?

యాంప్లిట్యూడ్ తేడా మాత్రమే ఉంటే లెక్క సులువు. తేడా ఎన్ని డీబీలో యాక్సియల్ రేషియో అన్ని డీబీలు. ఫేజ్ తప్పు మాత్రమే ఉంటే? 90కి బదులు 70.5 వస్తే, అంటే 19.5 డిగ్రీల తప్పు ఉంటే, సరిగ్గా 3 డీబీ. చిన్న తప్పులకి ఇది దాదాపు సరళరేఖే. 6.6 డిగ్రీలకు 1 డీబీ. రాసుకోండి. 6.6 డిగ్రీలకు ఒక డీబీ. రెండు తప్పులూ ఉంటే రెండు డీబీలనీ వర్గం చేసి కూడి వర్గమూలం తీయండి. ఉదాహరణకి 10 డిగ్రీల తప్పు, 1 డీబీ తేడా. 10 డిగ్రీలంటే ఒకటిన్నర డీబీ. ఒకటిన్నర వర్గం 2.25, దానికి 1 కలిపితే 3.25, వర్గమూలం 1.8. సిమ్యులేషన్ కూడా ఇంచుమించు అదే చెబుతుంది. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

3 డీబీ అనే గీత ఎక్కడి నుంచి వచ్చింది? అదేమీ ప్రకృతి నియమం కాదు, వాడుకలో స్థిరపడింది. 3 డీబీ దగ్గర క్రాస్ పోలరైజేషన్, అంటే వ్యతిరేక దిశలో తిరిగే అక్కర్లేని భాగం, −15 డీబీ ఉంటుంది. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండూ 3 డీబీవే అయి, బాగా చెడ్డ కోణంలో ఎదురైనా సిగ్నల్లో పోయేది అర డీబీయే. అంటే లింక్ బడ్జెట్ కోసమే అయితే 3 డీబీ చాలు. కానీ నావిగేషన్‌లో బాధ వేరు. నేల మీద, గోడల మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ ఎక్కువగా లెఫ్ట్ హ్యాండ్‌గా మారి వస్తుంది. దాన్ని తోసెయ్యాలంటే −15 సరిపోదు. యాక్సియల్ రేషియో 1 డీబీకి తెస్తే క్రాస్ పోలరైజేషన్ −25 అవుతుంది. కాబట్టి మన టార్గెట్ బ్యాండ్ అంతటా, బోర్‌సైట్ దగ్గర, అంటే యాంటెన్నాకి నేరుగా ఎదురు దిశలో, ఒకటిన్నర లోపు. రిపోర్టులో 3 గీత గీసుకోండి, డిజైన్ మాత్రం 1.5కి చెయ్యండి.

ఇప్పుడు మనందరికీ ఇష్టమైన యాంటెన్నాని చూద్దాం. చదరపు ప్యాచ్, ఎదురెదురు మూలలు కత్తిరించాలి, ఒకే ఫీడ్, అంటే సిగ్నల్ ఇచ్చే చోటు ఒక్కటే. కట్టడం ఎంత సులువు! మూల కోత వల్ల ఒకే మోడ్ రెండుగా చీలుతుంది. ఒకటి కొంచెం కింద రెజొనేట్ అవుతుంది, ఇంకోటి కొంచెం పైన. మధ్య ఫ్రీక్వెన్సీలో ఒకటి 45 డిగ్రీలు ముందు, ఒకటి 45 వెనక. కలిపి 90. బాగుంది. కానీ ఫ్రీక్వెన్సీ కాస్త జరిపితే? రెండు ఫేజులూ రెజొనెన్స్ వాలు మీద ఉన్నాయి, రెండు యాంప్లిట్యూడ్లూ అదే వాలు మీద ఉన్నాయి. ఒకటి పెరుగుతుంటే ఇంకోటి తగ్గుతుంది. ఇక్కడ ఆ 90ని నిలబెడుతున్నది రెజొనెన్స్. రెజొనెన్స్ అంటేనే ఇరుకు. లెక్క కూడా ఉంది: ఒకే ఫీడ్ ప్యాచ్‌కి 3 డీబీ యాక్సియల్ రేషియో బ్యాండ్, శాతంలో, సుమారుగా 35ని క్యూతో, అంటే రెజొనెన్స్ ఎంత పదునైనదో చెప్పే సంఖ్యతో, భాగిస్తే వస్తుంది. 1.6 మిల్లీమీటర్ల ఎఫ్ఆర్4, అంటే మామూలు సర్క్యూట్ బోర్డు మీద క్యూ 30, 40 ఉంటే బ్యాండ్ ఒక శాతం. మనకి కావాల్సింది 32 శాతం. క్యూ ఎంత ఉండాలి? ఒకటికి కాస్త పైన. అంత తక్కువ క్యూతో ప్యాచ్ ఎక్కడైనా ఉంటుందా? కాబట్టి మూల కోత ఇంకో అర మిల్లీమీటరు పెంచుదామా తగ్గిద్దామా అని వారాల తరబడి ఆప్టిమైజర్ తిప్పడం శుద్ధ దండగ. ఆ యాంటెన్నా తప్పేమీ లేదు, ఒక్క ఎల్1 చాలనుకుంటే అదే పెట్టుకోండి.

సరే, రెజొనెన్స్ చేతిలో నుంచి ఆ పని తీసేద్దాం. రెండు ఫీడ్లు పెట్టి, ఫేజ్ బయట తయారుచేద్దాం. అందరికీ మొదట తట్టేది విల్కిన్సన్ డివైడర్, అంటే పవర్‌ని రెండు సమాన భాగాలు చేసే సర్క్యూట్, దాని ఒక చేతికి పావు తరంగం ఎక్కువ పొడవు. 1387 దగ్గర 90. 16 శాతం పక్కకి పోతే? లైను పొడవు మారదు, కానీ ఫేజ్ ఫ్రీక్వెన్సీతో పాటు మారుతుంది. 90లో 16 శాతం, పద్నాలుగున్నర డిగ్రీలు. మన సూత్రం ప్రకారం ఎన్ని డీబీలు? 2.2. అంటే యాంటెన్నా ఇంకా పెట్టకముందే, ఉత్త లైనే మన ఒకటిన్నరని దాటేసింది.

మామూలు బ్రాంచ్‌లైన్ హైబ్రిడ్ పెడితే? హైబ్రిడ్ అంటే సిగ్నల్ని రెండు సమాన భాగాలు చేసి మధ్యలో 90 డిగ్రీల తేడా ఇచ్చే నాలుగు పోర్టుల సర్క్యూట్. దాని ఫేజ్ పర్వాలేదు, కానీ యాంప్లిట్యూడ్ సమానత్వం, మ్యాచింగ్ 10 శాతం బ్యాండ్ దాటాక పట్టు తప్పుతాయి. ఇంకో సెక్షన్ కలిపితే, అంటే మూడు అడ్డు కొమ్మల బ్రాంచ్‌లైన్ అయితే, 25, 30 శాతం దాకా లాగొచ్చు. కానీ పరిమాణం చూడండి: ఎఫ్ఆర్4 మీద 1387 దగ్గర పావు తరంగం 30 మిల్లీమీటర్లు. రెండు సెక్షన్లు అంటే 60 బై 30, మనం చివరికి నాలుగు ఫీడ్లు పెడతాం కాబట్టి అలాంటివి రెండు కావాలి. ఇక 35 ఓమ్‌ల లైను వెడల్పు 5 మిల్లీమీటర్ల పైన. బోర్డు సరిపోదు. షిఫ్‌మన్ ఫేజ్ షిఫ్టర్ వేరే దారి: ఒక చేతిలో మడిచిన కపుల్డ్ లైను, రెండో చేతిలో పొడవైన మామూలు లైను, రెంటి ఫేజ్ వాలూ ఒకేలా ఉండేలా చేస్తారు, అందుకని తేడా 90 దగ్గరే ఉంటుంది. బ్యాండ్ బాగా వస్తుంది. కానీ కపుల్డ్ లైన్ల మధ్య సందు చాలా సన్నగా ఉండాలి, మామూలు పీసీబీ షాపులో ఆ సందు నమ్మకంగా రాదు.

నన్నడిగితే, ఈ బ్యాండ్‌కి బోర్డు మీద అతికించే చిప్ హైబ్రిడ్ కొనుక్కోండి. కపుల్డ్ లైన్ రకం, 1.1 నుంచి 1.7 గిగాహెర్ట్జ్‌కి దొరుకుతాయి. డేటాషీట్‌లో రెండు అంకెలు చూడండి: యాంప్లిట్యూడ్ తేడా, ఫేజ్ తేడా. అర డీబీ, 4 డిగ్రీలు అని ఉంటే అది మన లెక్కలో 0.8 డీబీ. మిగతా బడ్జెట్ యాంటెన్నాకి మిగిలింది.

హైబ్రిడ్ దాచే నష్టం

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. హైబ్రిడ్ పెట్టగానే అందరూ సంతోషించే సంగతి ఒకటుంది: ఎస్11 అద్భుతంగా వస్తుంది. −20, −25. అది చూసి మోసపోకండి. రెండు అవుట్‌పుట్‌ల నుంచీ ఒకే రకం రిఫ్లెక్షన్ తిరిగొస్తే, అవి ఇన్‌పుట్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నాలుగో పోర్టు దగ్గర కలిసి 50 ఓమ్‌ల రెసిస్టర్‌లోకి పోతాయి. అంటే యాంటెన్నా మ్యాచ్ కాకపోయినా ఇన్‌పుట్‌కి తెలీదు. బాకీలు కనబడకుండా చిట్టాపద్దులు రాసే గుమాస్తా లాంటిది ఈ హైబ్రిడ్. నమ్మకం లేకపోతే రెండు అవుట్‌పుట్‌లూ ఓపెన్‌గా వదిలేసి ఎనలైజర్‌లో చూడండి, ఎస్11 అప్పుడూ బాగానే ఉంటుంది! యాంటెన్నా రిఫ్లెక్షన్ −6 డీబీ ఉంటే నాలుగో వంతు పవర్ రెసిస్టర్‌లో వేడి అవుతుంది, 1.25 డీబీ పోయినట్టు. రిసీవర్‌లో అది నేరుగా నాయిస్ ఫిగర్‌కి కలుస్తుంది. కాబట్టి హైబ్రిడ్ ఉన్న యాంటెన్నాకి ఎస్11 గ్రాఫు మాత్రమే చూపించి బ్యాండ్‌విడ్త్ చెప్పడం చెల్లదు. గెయిన్ గ్రాఫు పెట్టాల్సిందే.

ఆ రెసిస్టర్ గురించే ఇంకో మాట. అది సరిగా అతకకపోయినా, మర్చిపోయినా ఏమవుతుంది? తిరిగొచ్చిన పవర్ నాలుగో పోర్టు దగ్గర మళ్లీ వెనక్కి తన్ని హైబ్రిడ్‌లోకి దూరుతుంది. నాలుగో పోర్టు నుంచి దూరిన పవర్ ఏ చేతివాటం, అంటే రైట్ హ్యాండా లెఫ్ట్ హ్యాండా, ఇస్తుంది? వ్యతిరేకం. రైట్ హ్యాండ్ యాంటెన్నా నుంచి లెఫ్ట్ హ్యాండ్ బయటికొస్తుంది. యాంటెన్నా మ్యాచ్ −10 డీబీ ఉందనుకోండి, అందరూ ఫర్వాలేదనుకునే అంకె. రెసిస్టర్ ఊడితే క్రాస్ పోలరైజేషన్ కూడా దాదాపు −10 అవుతుంది, యాక్సియల్ రేషియో 5.7 డీబీకి లేస్తుంది. ఎస్11 కూడా బాగా చూపిస్తుంటుంది కాబట్టి ఎక్కడ తప్పు జరిగిందో రెండ్రోజులు వెతుకుతారు. యాక్సియల్ రేషియో ఫ్రీక్వెన్సీతో అలలు అలలుగా ఊగుతుంటే మొదట మల్టీమీటర్ తీసుకుని ఆ 50 ఓమ్‌లని చూడండి.

ఇప్పుడు నాలుగు ఫీడ్ల సంగతి. 0, 90, 180, 270. నాలుగు ఫీడ్లు పెడితే ఫేజ్ తప్పులు వాటంతటవే పోతాయని చాలామంది అనుకుంటారు. పోతాయా? లెక్క వేసి చూద్దాం. ఒకే ప్యాచ్‌కి నాలుగు వైపులా నాలుగు ఫీడ్లు. ఒకటి, మూడు కలిసి ఎక్స్ దిశ ఫీల్డ్ ఇస్తాయి. రెండు, నాలుగు కలిసి వై దిశ. వరుసగా 90 డిగ్రీల లైన్లే వాడి, ఒక్కో మెట్టులో డెల్టా తప్పు ఉందనుకోండి. ఎక్స్‌కీ వైకీ మధ్య చివరికి మిగిలే తప్పెంత? డెల్టాయే. ఏమీ తగ్గలేదు! పద్నాలుగున్నర డిగ్రీలు రెండు ఫీడ్లతో ఉంటే 2.2 డీబీ, నాలుగు ఫీడ్లతోనూ 2.2 డీబీ.

మరి సీక్వెన్షియల్ రొటేషన్‌తో బ్యాండ్ పెరుగుతుందని పుస్తకాల్లో ఉంది కదా? ఉంది, నిజమే. కానీ అక్కడ ఒక్కో ఎలిమెంటూ సొంతంగా సర్క్యులర్. నాలుగింటినీ 90 చొప్పున తిప్పి పెట్టి, 90 చొప్పున ఫేజ్ ఇస్తే, ఒక్కో ఎలిమెంట్ క్రాస్ పోలరైజేషనూ, ఫీడ్ లైన్ల తప్పూ గుణించుకుంటాయి, కూడుకోవు. ఎలిమెంట్ యాక్సియల్ రేషియో 6 డీబీ, అంటే క్రాస్ పోలరైజేషన్ మూడో వంతు. ఫీడ్ తప్పు 18 డిగ్రీలు, అంటే 9 డిగ్రీల ట్యాంజెంట్, 0.158. గుణిస్తే 0.053. యాక్సియల్ రేషియో 0.9 డీబీ! 6 డీబీ ఎలిమెంటుతో, 18 డిగ్రీల తప్పుతో 0.9. అదీ దాని బలం. ఆ క్రాస్ పోలరైజేషన్ పవర్ ఏమైపోయింది? మాయం కాలేదు. కొంత మూలల దిశల్లో లోబ్‌లుగా వెళ్తుంది, కొంత ఫీడ్‌లోకి తిరిగొస్తుంది. గెయిన్ గ్రాఫులో ఆ నష్టం కనబడుతుంది.

మరి ఒకే ప్యాచ్‌కి నాలుగు ఫీడ్లు ఎందుకు పెడతాం? ఎత్తైన ప్యాచ్‌లో ఫీడ్ ఒకవైపే ఉంటే హయ్యర్ ఆర్డర్ మోడ్లు, అంటే అక్కర్లేని ఫీల్డ్ ఆకారాలు లేస్తాయి, ప్యాటర్న్ ఒకవైపు ఒరుగుతుంది, ఫేజ్ సెంటర్, అంటే తరంగం బయల్దేరినట్టు కనబడే బిందువు, పక్కకి పోతుంది. సర్వే యాంటెన్నాకి ఫేజ్ సెంటర్ కదిలితే మిల్లీమీటర్ల తప్పు. ఎదురెదురుగా 0, 180 పెడితే ఆ మోడ్లు కొట్టేసుకుంటాయి. నాలుగు ఫీడ్లు సిమెట్రీ కోసం. 90 కోసం కాదు.

దీని నుంచి చేతికొచ్చే లాభం ఒకటుంది. నెట్‌వర్క్ ఇలా పెట్టండి: ముందు ఒక 180 డిగ్రీల విభజన, తర్వాత రెండు 90 హైబ్రిడ్‌లు. ఒక హైబ్రిడ్ ఒకటి, రెండు ఫీడ్లకి; ఇంకోటి మూడు, నాలుగు ఫీడ్లకి. ఇప్పుడు 180లో తప్పు వస్తే బోర్‌సైట్ యాక్సియల్ రేషియో ఎంత చెడుతుంది? సున్నా. ఎక్స్, వై రెండూ ఒకే మోతాదులో తగ్గుతాయి, అంతే. 180ని ఉత్త అర తరంగం లైనుతో చేసినా, బ్యాండ్ చివర 29 డిగ్రీల తప్పు వచ్చినా, గెయిన్‌లో పోయేది 0.3 డీబీ. పక్క దిశల్లో మాత్రం ప్యాటర్న్ ఒరుగుతుంది. మామూలు రిసీవర్‌కి అది చాలు, సర్వే యాంటెన్నాకి మంచి బ్యాలన్, అంటే 180ని బ్యాండ్ అంతటా నిలబెట్టే విభజన సర్క్యూట్, పెట్టండి. డబ్బు పెట్టాల్సింది 90 దగ్గర.

ప్యాచ్, ఎల్-ప్రోబ్‌లు

ఫేజ్ అయింది. ఇప్పుడు రేడియేటర్. గాలి సబ్‌స్ట్రేట్ మీద చదరపు ప్యాచ్, ఎల్ ఆకారం ప్రోబ్‌లు. 1998లో హాంకాంగ్‌లో లుక్ బృందం ఎల్-ప్రోబ్ ప్యాచ్‌ని ప్రచురించింది, 35 శాతం దాకా ఇంపిడెన్స్ బ్యాండ్ చూపించారు. ఎందుకు పనిచేస్తుంది? బ్యాండ్ కావాలంటే ప్యాచ్ ఎత్తు పెంచాలి, తరంగదైర్ఘ్యంలో పదోవంతు. అంత ఎత్తుకి నేరుగా ప్రోబ్ పెడితే దాని ఇండక్టెన్స్ అంతా పాడుచేస్తుంది. ప్రోబ్‌ని సగం ఎత్తు దాటాక అడ్డంగా వంచితే, ఆ అడ్డ ముక్క ప్యాచ్‌తో కెపాసిటర్‌లా ఉండి నిలువు ముక్క ఇండక్టెన్స్‌ని కొట్టేస్తుంది. పైగా ప్యాచ్‌కి టంకం పెట్టే పనే లేదు.

కొలతలు. 1387 మెగాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం 216 మిల్లీమీటర్లు. ఎత్తు 22. ప్యాచ్ పక్క పొడవు ఎంత? సగం తరంగం 108 కదా, 108 పెట్టేస్తారు కొందరు, రెజొనెన్స్ ఎక్కడికో దిగిపోతుంది. ఇంత ఎత్తులో అంచు ఫీల్డు ఒక్కో వైపు 14 మిల్లీమీటర్లు బయటికి ఉబుకుతుంది. రెండు వైపులా 28. 108లోంచి 28 తీసేస్తే 80. ప్యాచ్ 80 బై 80. ప్రోబ్ నిలువు ముక్క ప్యాచ్ అంచుకి 6 మిల్లీమీటర్లు బయట, ఎత్తు 16. అడ్డ ముక్క లోపలికి 34. ప్రోబ్ 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ, లేదా 6 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ. పట్టీ వెడల్పులో సగమే కడ్డీ వ్యాసంతో సమానం అనుకోండి. నాలుగు ప్రోబ్‌ల కొసలూ కేంద్రానికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఆగుతాయి, ఒకదానికొకటి తగలవు. గ్రౌండ్ ప్లేన్ 150 బై 150. ఇవన్నీ మొదలుపెట్టే అంకెలు, ఆఖరి అంకెలు కావు.

ట్యూనింగ్‌లో అందరూ చేసే పొరపాటు: ఒక ప్రోబ్‌కి ఎస్11 చూస్తూ ఆప్టిమైజ్ చేస్తారు. ఎదురుగా ఉన్న ప్రోబ్ కూడా అదే మోడ్‌ని పట్టుకుని ఉంది కదా, ఒకదాని నుంచి ఇంకోదానికి గట్టి కప్లింగ్ ఉంటుంది. నాలుగూ కలిసి పనిచేసేటప్పుడు ఒక్కో పోర్టు చూసే రిఫ్లెక్షన్ ఎస్11 కాదు. పక్క ప్రోబ్‌ల నుంచి 90, 270లతో వచ్చేవి సిమెట్రీ వల్ల కొట్టేసుకుంటాయి. ఎదురు ప్రోబ్ నుంచి 180తో వచ్చేది మిగులుతుంది. కాబట్టి చూడాల్సింది ఎస్11లోంచి ఎస్31ని, అంటే ఒకటో ప్రోబ్‌కీ ఎదురున్న మూడోదానికీ మధ్య కప్లింగ్‌ని, తీసేసినది, మాగ్నిట్యూడ్లు కాదు, కాంప్లెక్స్ సంఖ్యలుగా. దాన్ని 1164 నుంచి 1610 దాకా −15 డీబీ కిందికి తెండి. ఉత్త ఎస్11 −5, −6 ఉన్నా బెంగపడకండి. అడ్డ ముక్క పొడవు మారిస్తే రియాక్టెన్స్ కదులుతుంది, అడ్డ ముక్క ఎత్తు మారిస్తే కప్లింగ్ కదులుతుంది. ఒక్కసారి ఒక్కటే మార్చండి, 5 శాతం మెట్లలో.

సిమ్యులేషన్‌లో రేడియేషన్ బౌండరీని అతి తక్కువ ఫ్రీక్వెన్సీ పావు తరంగం దూరంలో పెట్టాలి. 1164కి అది 65 మిల్లీమీటర్లు. 1387కి లెక్కవేసి 54 పెడితే బ్యాండ్ కింది చివర యాక్సియల్ రేషియోని నమ్మలేం. నాలుగు పోర్టుల ఫలితాన్ని ఎస్4పీ ఫైలుగా తీసి, హైబ్రిడ్ తయారీదారు ఇచ్చే ఎస్-పారామీటర్ ఫైలుతో సర్క్యూట్ సిమ్యులేటర్‌లో కలపండి. 0, 90, 180, 270 అని చేత్తో టైపు చేసిన ఆదర్శ ఫేజులతో వచ్చిన యాక్సియల్ రేషియో గ్రాఫుకి విలువ లేదు. ఎందుకంటే మనం ఇంతసేపూ అడుగుతున్న ప్రశ్నే దాంట్లో లేదు.

తయారీలో రెండు మూడు సంగతులు. ప్యాచ్‌కి 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు బాగుంటుంది, వంగదు. ప్రోబ్‌లు మాత్రం ఇత్తడివి, అల్యూమినియానికి టంకం పట్టదు. ప్యాచ్‌ని నిలబెట్టడానికి నాలుగు మూలలా నైలాన్ స్తంభాలు పెడుతుంటారు. అంచుల్లోనే ఫీల్డ్ ఎక్కువ, అక్కడ నైలాన్ పెడితే ఫ్రీక్వెన్సీ దిగుతుంది. రెండు మోడ్లకీ ఫీల్డ్ సున్నా అయ్యే చోటు ప్యాచ్ కేంద్రం. అక్కడ లోహపు ఎం3 బోల్టు బిగించినా ఏమీ కాదు, ప్యాచ్ డీసీ గ్రౌండ్ కూడా అవుతుంది. ఫీడ్ బోర్డు ఎఫ్ఆర్4 అయితే ప్రతి 120 మిల్లీమీటర్ల లైనుకీ అర డీబీ పోతుందని లెక్కపెట్టుకోండి. కాలేజీ ప్రోటోటైపుకి అది పర్వాలేదు, అసలు రిసీవర్‌కి తక్కువ లాస్ లామినేట్ కొనాల్సిందే.

చేతివాటం, కొలత

యాక్సియల్ రేషియో అర డీబీ వచ్చింది. అద్భుతం. అది రైటా లెఫ్టా? గ్రాఫు చెప్పదు! యాక్సియల్ రేషియోకి చేతివాటం తెలీదు. సిమ్యులేషన్‌లో రైట్ హ్యాండ్ గెయిన్, లెఫ్ట్ హ్యాండ్ గెయిన్ విడివిడిగా గీసి చూడండి. బోర్డు కింది వైపు నుంచి చూసి లేఅవుట్ గీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఇలాంటి యాంటెన్నాలో ఫీడ్ బోర్డు మామూలుగా కింది వైపే ఉంటుంది కాబట్టి ఇది తరచూ జరుగుతుంది. జరిగితే బోర్డు పారేయక్కర్లేదు, రెండు హైబ్రిడ్‌లలోనూ ఇన్‌పుట్‌నీ 50 ఓమ్‌ల రెసిస్టర్‌నీ ఒకదాని చోట ఒకటి పెడితే చేతివాటం మారుతుంది.

కొలవడానికి ఒక హెలిక్స్, అంటే స్ప్రింగులా చుట్టిన తీగ యాంటెన్నా, చేసుకోండి. 1946లో ఒహాయో స్టేట్‌లో క్రౌస్ కనిపెట్టినదే, ఇప్పటికీ దాన్ని మించిన చవక రిఫరెన్స్ లేదు. 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద 3 మిల్లీమీటర్ల రాగి తీగ. చుట్టుకొలత 207 మిల్లీమీటర్లు. అంటే 1164 దగ్గర తరంగంలో 0.80 వంతు, 1610 దగ్గర 1.11 వంతు. హెలిక్స్ 0.75 నుంచి 1.33 వరకు పనిచేస్తుంది, మన బ్యాండ్ అంతా లోపలే ఉంది. చుట్టుకీ చుట్టుకీ 48 మిల్లీమీటర్లు, ఆరు చుట్లు. మామూలు స్క్రూ మీది మరలాగే చుడితే రైట్ హ్యాండ్. అద్దంలో బొమ్మలా ఇంకోటి చుట్టండి, అది లెఫ్ట్. రెంటితో సిగ్నల్ చూడండి, ఏది ఎక్కువైతే మీ యాంటెన్నా అది.

యాక్సియల్ రేషియో అంకె కావాలంటే లీనియర్ యాంటెన్నాని ఎదురుగా పెట్టి, దాన్ని దాని అక్షం చుట్టూ తిప్పుతూ ఎక్కువ, తక్కువ రాసుకోండి. తేడాయే యాక్సియల్ రేషియో. ఇక్కడ గది పెద్ద శత్రువు. గోడ నుంచి వచ్చే రిఫ్లెక్షన్ అసలు సిగ్నల్‌కి 20 డీబీ కింద ఉన్నా, రీడింగ్ 1.7 డీబీ మేర ఊగుతుంది. మనం కొలిచేది ఒకటిన్నర, గది తప్పు 1.7. ఏం కొలిచినట్టు? ఆనెకోయిక్ చాంబర్, అంటే రిఫ్లెక్షన్లు రాని ప్రత్యేక గది, లేకపోతే మేడ మీదికి పోండి, రెండు యాంటెన్నాల్నీ 2, 3 మీటర్ల దూరంలో, ఎత్తుగా పెట్టండి. దూరాన్ని పావు మీటరు మార్చి మళ్లీ కొలవండి. అంకె మారితే అది మీ యాంటెన్నాది కాదు, గదిది.

ఒక ప్రశ్న వచ్చింది, మూడో వరుసలోంచి. "సర్, హైబ్రిడ్‌లు కొనకుండా, ఒకే ఫీడ్‌తో వైడ్‌బ్యాండ్ రాదా?" వస్తుంది. క్రాస్డ్ డైపోల్, రెండు డైపోల్ చేతుల్నీ ముప్పావు ఉంగరంలాంటి సన్నని లైనుతో కలుపుతారు, ఆ లైనే 90 ఇస్తుంది. వెనక పావు తరంగం దూరంలో, మనకైతే 54 మిల్లీమీటర్లు, రిఫ్లెక్టర్. చేతులు సన్నగా ఉంటే పది పదిహేను శాతం, వెడల్పైన చేతులు పెడితే ఇంకా ఎక్కువ వస్తుంది. మరి అది కూడా డిలే లైనే కదా, 16 శాతం దగ్గర పద్నాలుగున్నర డిగ్రీలు తప్పాలి కదా అంటారా? తప్పుతుంది. కానీ వెడల్పైన చేతుల ఇంపిడెన్స్ ఫేజ్ దానికి ఎదురు దిక్కులో కదిలేలా కొలతలు కుదిరిస్తే, ఒకదాని తప్పుని ఇంకోటి కొంత తింటుంది. అంటే అక్కడ 90ని రేడియేటరూ లైనూ కలిసి నిలబెడుతున్నాయి. చవక, తేలిక, కానీ ఒక కొలత మారిస్తే రెండూ కదులుతాయి, మ్యాచింగూ కదులుతుంది. ఉంగరం వ్యాసార్థం, చెయ్యి వెడల్పు, చెయ్యి పొడవు, రిఫ్లెక్టర్ ఎత్తు, ఈ నాలుగింటినీ ఈ వరుసలోనే ట్యూన్ చెయ్యండి. రిఫ్లెక్టర్ ఎత్తుని ఆఖరికి ఉంచుకోండి, ఎందుకంటే దాన్ని బోర్డు తయారయ్యాక కూడా స్పేసర్లు మార్చి సరిచేసుకోవచ్చు. మిగతా మూడూ ఎచింగ్ అయ్యాక మారవు.